లీవ్ లెటర్లో జ్వరం

ఎవరు పోయారని నేను ఏడ్చానో, ఎవరి కుటుంబం కోసం మా అమ్మ చర్చి సంఘంలో ప్రార్థన పెట్టించిందో, ఆ మనిషి ఒక గురువారం మధ్యాహ్నం లైబ్రరీ మెట్లెక్కి నా బల్ల దగ్గరికి వచ్చాడు. భుజాన తువ్వాలు, ఒక చేతిలో ప్లాస్టిక్ కవరు, చంకలో ఆనపకాయ. ఇంగ్లీషు రాయించే అక్క మీరేనా అని అడిగాడు. అవునన్నాను. తన కూతురి పేరు చెప్పి, "నాను పిల్ల నాన్ననమ్మా" అన్నాడు.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఆ పేరు ఒక్క పిల్లదే. నేను తడుముకోలేదు. మావైపు పెదనాన్నలనీ చిన్నాన్నలనీ కూడా నాన్న అనే పిలుస్తారు కదా, ఈయన బాబాయి అయ్యుంటాడనుకున్నాను. చిన్నాన్నగారా అని అడిగాను. కాదమ్మా, సొంత నాన్ననే, నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఇది పెద్దది అన్నాడు. కూర్చోమన్నానో లేదో, మంచినీళ్ళు ఇచ్చానో లేదో కూడా ఇప్పుడు గుర్తులేదు. ఆయన కాళ్ళవైపు చూసినట్టు మాత్రం గుర్తుంది. చెప్పులకి ఎర్రమట్టి అంటుకుని ఉంది.

అసలు సంగతి మొదటి నుంచి చెప్పాలి.

మా యూనివర్సిటీ లైబ్రరీ మొదటి అంతస్తులో పాత పేపర్లు పెట్టే బీరువాల పక్కన ఒక బల్ల, నాలుగు కుర్చీలు ఉంటాయి. నేను పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఎమ్మే పిల్లలు ఇద్దరు ముగ్గురు తమ అసైన్‌మెంట్లు పట్టుకొచ్చి ఇంగ్లీషు చూసిపెట్టమనేవారు. అలా మొదలైంది. ఎవరూ ఆర్డరు వేయలేదు, గది ఇవ్వలేదు, బోర్డు పెట్టలేదు. నాతో పాటు ఇంకో ఇద్దరు రీసెర్చి స్కాలర్లు కూర్చునేవారు. వాళ్ళకి మధురవాడ ఆఫీసుల్లో ఉద్యోగాలొచ్చి వెళ్ళిపోయారు. మిగిలింది నేను. గురువారం భోజనాలయ్యాక కూర్చుంటే లైబ్రరీ బెల్లు కొట్టేదాకా లేవను.

వచ్చేవాళ్ళు ఎక్కువగా డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళు. సబ్జెక్టు తెలియక కాదు. తెలుగులో అడిగితే పాఠం చెప్పినాయనకే పాఠం చెప్పగలరు. ఇంగ్లీషులో రాయమంటే మాత్రం చీకట్లో అగ్గిపెట్టె కోసం తడుముకున్నట్టు ఉంటుంది. నాదీ గొప్ప ఇంగ్లీషేం కాదు. మల్కాపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల సిస్టర్ల బడిలో ఫీజు లేకుండా చేర్చుకున్నారు. అక్కడ ఒక సిస్టరు స్కేలుతో కొట్టి నేర్పింది. ఆ స్కేలు నా గొంతులోకి వచ్చిందని పిల్లలు అంటారు. వెనకాల నన్ను హెడ్మిస్ట్రెస్ అని పిలుస్తారని కూడా నాకు తెలుసు. తెలిసినా మానను. ఒళ్ళు మండితే అరుస్తాను, తర్వాత క్యాంటీన్లో టీ ఇప్పిస్తాను.

ఆ బల్ల దగ్గర ఒకటే నియమం. రాసుకొచ్చిన కాగితం బోర్లించి, ముందు సంగతంతా నాకు తెలుగులో చెప్పాలి. తెలుగులో నిలబడితే దానికి ఇంగ్లీషు వెతుక్కోవచ్చు. చాలాసార్లు ఏమయ్యేదంటే, చెప్పడం పూర్తయి కాగితం తిరగేస్తే, చెప్పిందొకటి, రాసిందొకటి. రాసినవాళ్ళే ఆశ్చర్యపోయేవారు. ఈ పద్ధతి నేనే కనిపెట్టానని నాకు కొంచెం గర్వం ఉండేది. కొంచెమేమిటి, బాగానే ఉండేది.

ఆ పిల్ల పద్మనాభం నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. ఎమ్మే సోషియాలజీ ఆఖరి ఏడాది. వాళ్ళ ఊళ్ళ నుంచి తెల్లారేసరికి షేర్ ఆటోల్లో మధురవాడ అపార్ట్‌మెంట్లకి పనికి వెళ్ళే ఆడవాళ్ళ మీద డిసర్టేషన్ చేస్తోంది. మొదటి గురువారం కాగితం బోర్లించి చెప్పమంటే గంటసేపు చెప్పింది. ఏ అపార్ట్‌మెంట్లో పనివాళ్ళు లిఫ్ట్ ఎక్కకూడదో, ఏ అంతస్తు ఆవిడ గిన్నెలు లెక్కపెట్టి వేస్తుందో, ఆటో తప్పిపోతే ఆ రోజు ఎవరి ఇంట్లో ఎవరు వంట చేస్తారో, అన్నీ. నేను టైము మర్చిపోయాను. తర్వాత కాగితం తిరగేస్తే దేశానికి స్త్రీలు వెన్నెముక అని మూడు లైన్లు ఉన్నాయి. వెన్నెముక ఎక్కడిదే, నువ్వు చెప్పిందాంట్లో మోకాళ్ళ నొప్పులున్నాయి గాని వెన్నెముక లేదు కదా అని అరిచాను. పిల్ల నొచ్చుకోలేదు, నవ్వేసింది. అప్పుడే నాకు బాగా నచ్చింది.

ఆ ఏడాది ఒక ట్రస్టు ఫెలోషిప్‌కి దరఖాస్తులు పిలిచారు. అంతకుముందు అదే ఫెలోషిప్ నాకు వచ్చింది. ఎమ్మే ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్ళకే ఇస్తారు, ఒకసారే పెట్టుకోవాలి. వస్తే పీహెచ్‌డీ అయ్యేదాకా చదువు, హాస్టలు, తిండి అన్నీ వాళ్ళే చూసుకుంటారు. రాకపోతే ఈ పిల్ల చదువు ఎమ్మేతో ఆగిపోతుంది. వాళ్ళ ఇంట్లో అంతవరకు చదివించడమే ఎక్కువ. కాబట్టి ఇది పోతే ఇక పోయినట్టే.

దరఖాస్తులో తన గురించి తను రెండు పేజీలు రాయాలి. పిల్లలు దాన్ని ఎస్సోపీ అంటారు. తోటి విద్యార్థి ఒకరు ఈ మనిషి నాకు తెలుసు అని ఒక ఉత్తరం ఇవ్వాలి. ఎస్సోపీ ఎలా ఉంటుందో తెలియదంటే నా దాని జిరాక్స్ ఇచ్చాను. ఎవరడిగినా ఇచ్చేదాన్ని. అది మా నాన్న పోవడంతో మొదలవుతుంది. మా నాన్న పోర్టులో కలాసీ, సామాన్లు ఎత్తి దించే పని. నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా పనిలోనే క్రేన్ తాడు తెగి పోయాడు. నా దానితో పాటు, ఇంకో ఇద్దరు సీనియర్లవి కూడా ఆ పిల్ల ఎక్కడో సంపాదించింది.

రెండు వారాల తర్వాత తన రెండు పేజీలూ తెచ్చింది. మొదటి పేరా చదివి నేను ఆగిపోయాను. తను ఇంటర్లో ఉండగా తండ్రి రైస్ మిల్లులో పనిచేస్తూ బెల్టులో చిక్కుకుని పోయాడని ఉంది. ఇన్ని నెలల పరిచయంలో ఈ పిల్ల ఎప్పుడూ చెప్పలేదే అనుకున్నాను. చెప్పదులే, నేను మాత్రం ఎవరికి చెప్పాను అని కూడా అనుకున్నాను. వాక్యాల నడక నా దాని లాగే ఉంది. నాకు కోపం రాలేదు. అదే కష్టం పడిన పిల్లకి అవే మాటలు సరిపోయాయనుకున్నాను.

ఆ రోజు నేను కాగితం బోర్లించమనలేదు. తండ్రి పోయిన పిల్లని, ఎలా పోయాడో తెలుగులో చెప్పమని ఎలా అడుగుతాను? నన్నెవరైనా అలా అడిగితే లేచి వెళ్ళిపోతాను. నేను పెట్టిన నియమాన్ని నేనే, జాలితో, ఒక్కసారి పక్కన పెట్టాను. పక్కన పెట్టకపోతే ఇదంతా జరిగేది కాదు.

అంతటితో ఊరుకున్నానా. చదివేవాళ్ళ కంటికి కనబడే చిన్న వస్తువు ఏదైనా ఉంటే బాగుంటుందన్నాను. ఎలాంటిదక్కా అంది. నాన్నగారి తువ్వాలు ఇంకా దండెం మీదే ఉందా అని మెల్లిగా అడిగాను. పిల్ల నా మొహంలోకి చూసి, "ఉన్నాదక్కా, రాయమంటారా?" అంది. ఆ గొంతులో తడబాటు దుఃఖమనుకున్నాను. నేనే రాశాను. ఆ తువ్వాలు మా ఇంట్లోది. మా అమ్మ దాన్ని దండెం మీంచి తియ్యడానికి ఏడాది పట్టింది. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి కుళాయి విప్పి ఏడ్చాను. తిరిగొచ్చి తోటి విద్యార్థి ఉత్తరం కూడా నేనే రాసిచ్చాను. ఈమె తండ్రిని పోగొట్టుకుని కూడా ఎలా చదువుతోందో దగ్గరుండి చూశానని రాశాను.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. మా అమ్మ ఒక బడిలో ఆయా. మామూలుగా నా స్నేహితుల సంగతులు చెవిన పెట్టదు. ఇది మాత్రం పట్టించుకుంది. "తండ్రి లేని పిల్ల, అంత దూరం నుంచి వత్తాది, ఏటి తింటాదో" అని గురువారం గురువారం రెండో క్యారేజీ కట్టడం మొదలుపెట్టింది. నెత్తళ్ళ చేపలు దొరికిన రోజు నెత్తళ్ళ పులుసు. ఆదివారం స్త్రీల కూటంలో, తండ్రిని పోగొట్టుకున్న ఒక బిడ్డ కోసం అని ప్రార్థన పెట్టించింది. ఆ పిల్ల క్యారేజీ ఖాళీ చేసి, కడిగి, మీ అమ్మగారు ఎంత మంచోరక్కా అని ఇచ్చేది. అంతే. దానికి కారణం ఏమిటని ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు ఆ తండ్రి నా ఎదురుగా ఉన్నాడు. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చిందని పిల్ల సోమవారమే చెప్పింది. ఇంకా నాలుగు రోజులే ఉంది. ఇంటర్వ్యూకి ఆదాయం సర్టిఫికెట్ పట్టుకెళ్ళాలట. ఎమ్మార్వో ఆఫీసులో పొద్దున్నే సంతకం అయితే, పిల్లకి సాయంత్రం దాకా ఎందుకని తనే బస్సెక్కి తెచ్చాడు. కవర్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఇంటి యజమాని అని ఉన్న చోట ఆయన పేరే ఉంది. ఆనపకాయ మాత్రం నాకట. ఇదంతా మీరు రాయించినదే అంట కదమ్మా అని చేతులు జోడించాడు. నేను ఆ చేతులవైపు చూడలేకపోయాను.

ఇంతలో పిల్ల క్లాసు అయిపోయి పైకి వచ్చింది. నేను ఆ మొహమే చూస్తున్నాను. తేలు కుట్టిన దొంగలా అవుతుందనుకున్నాను. అదేం లేదు. తెచ్చీసేవా నాన్నా అంది. తిన్నావా అని అడిగింది. సర్టిఫికెట్ తిరగేసి పేర్లు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుంది. తండ్రి బతికి ఉండడం కన్నా, ఈ పిల్ల మొహంలో ఏ మార్పూ లేకపోవడం చూసి నాకు ఎక్కువ భయం వేసింది. ఇన్నాళ్ళూ ఎవరికి పాఠం చెప్పాను నేను అనిపించింది.

ఆయన్ని అక్కడే కూర్చోమని, పిల్లని బీరువాల వెనక్కి తీసుకెళ్ళాను. అడగాల్సింది ఎలా అడగాలో తెలియలేదు. మీ నాన్నగారు బతికే ఉన్నారు అన్నాను. ఆఁ, ఉన్నారక్కా అంది. మరి రైస్ మిల్లు అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, అది ఎస్సోపీలో కదక్కా అంది.

నాకు కోపం నెత్తికెక్కింది. లైబ్రరీ అని గుర్తుండబట్టి అరవలేదు గాని, పళ్ళు బిగించి ఏమేమో అన్నాను. బతికున్న తండ్రిని చంపేశావు, నీకు మనసెలా ఒప్పింది అన్నాను. పిల్ల బిత్తరపోయింది. నేను ఎందుకు తిడుతున్నానో దానికి నిజంగా తెలియలేదు. కాసేపటికి చెప్పడం మొదలుపెట్టింది.

"ఎనిమిదో తరగతిలో మా మాస్టారు లీవ్ లెటర్ నేర్పేరక్కా. జొరం అని. కోతలకి ఎల్లినా, పెళ్ళికెల్లినా జొరమనే రాసేవోళ్ళం. ఒకసారి నాను పెళ్ళని రాస్తే తప్పని కొట్టేరు. ఇంగ్లీషులో అలాగే రాయాలనుకున్నాను."

ఇంగ్లీషులో ఎస్సోపీ కూడా అలాంటిదే అనుకుందట. చూసిన మూడింట్లో ఒకదాంట్లో తండ్రి పోయాడు, ఒకదాంట్లో తల్లి పోయింది, ఒకదాంట్లో తుఫానుకి ఇల్లు కూలింది. ఎవరో ఒకరు పోవడమో, ఏదో ఒకటి కూలడమో ఆ కాగితానికి ఉండాల్సిన అంగం కాబోలు అనుకుంది. చాలా ఆలోచించిందట కూడా. ఇల్లు కూలిందంటే ఎవరైనా వచ్చి చూస్తారేమో. అమ్మని రాయడానికి చెయ్యి రాలేదు. చెల్లెలి మాట అసలు తలపెట్టలేదు. "నాన్నయితే ఏటీ అనుకోడు కదా అని" అంది.

నేను గోడకి ఆనుకున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ లీవ్ లెటర్ నాకు తెలుసు. నేనూ రాశాను. ఇది చదివేవాళ్ళు కూడా రాసే ఉంటారు. ఒక్కరోజు సెలవుకి ఎంతమంది పిల్లలం ఎన్ని జ్వరాలు తెచ్చుకున్నామో. ఆ జ్వరం ఎవరి ఒంటికీ రాదు, అది ఇంగ్లీషు జ్వరం. ఈ పిల్లకి ఇంగ్లీషులో చావు కూడా అంతే.

నా దాంట్లో ఉన్నది నిజమే అన్నాను. మా నాన్న నిజంగా పోయాడు అన్నాను.

ఈసారి నిర్ఘాంతపోవడం దాని వంతు. నిజంగానా అక్కా అంది. మీరూ అలా రాసీసేరనుకున్నాను అంది. ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో చెప్పలేను. నేను అన్నేళ్ళు మోసి, ఒక రాత్రంతా కూర్చుని రాసి, సిగ్గు విడిచి అందరికీ పంచిన మా నాన్న చావు, ఆ పిల్ల కళ్ళకి లీవ్ లెటర్లో జ్వరం. చెంప మీద కొడదామన్నంత కోపం వచ్చింది. కొట్టేదాన్నే. కానీ దాని మొహం అప్పటికే మారిపోయింది. "అయితే మీ అమ్మగారు నాకు అందుకా అన్నం పంపిత్తన్నారు?" అని, బీరువాల మధ్య అలాగే నేల మీద కూలబడింది.

నిలబడి లెక్క చూసుకున్నాను. ఇంటర్వ్యూలో ముందుగా అడిగేది ఆ మొదటి పేరా గురించే. వెళ్ళి ఎదురుగా అబద్ధం చెప్పాలి. లేదా ముందే నిజం రాసేసి, ఉన్న ఒక్క అవకాశం పోగొట్టుకోవాలి. మూడో దారి లేదు. వాళ్ళ ఎదురుగా కూర్చుని మా నాన్న పోయాడని చెప్పగలవా అని అడిగాను. తెలుగులో అడిగితే సెప్పలేనక్కా అంది. ఇంగ్లీషులో అడిగితే అన్నాను. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నిజం ఒప్పుకోవాలంటే, నాకు ముందు భయం వేసింది దాని సీటు గురించి కాదు, నేను సంతకం పెట్టిన ఉత్తరం గురించి.

బయట బల్ల మీద తండ్రి పేరున్న సర్టిఫికెట్ ఉంది. ఆయనకి చెప్పక తప్పదు. పిల్లని లేపి బల్ల దగ్గరికి తీసుకొచ్చాను. నేనే చెప్పాను. ఎంత మెత్తగా చెప్పినా ఆ సంగతికి మెత్తదనం రాదు. మా నాన్న పోయిన సంగతి ఉన్న నా కాగితం చూసి, తన ఇంగ్లీషు కాగితంలో మీరు రైస్ మిల్లులో పోయినట్టు రాసింది, అది చదివే పిలిచారు అన్నాను.

ఆయన కూతురివైపు చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. తర్వాత నావైపు తిరిగి, తను పోయినట్టు ఉంటే పిల్లకి సీటొత్తాదా అని అడిగాడు. రావచ్చు అన్నాను. బతికున్నానని రాస్తేనో అన్నాడు. రాదండీ అన్నాను. ఆయన బల్ల మీది సర్టిఫికెట్ తీసి, మడత నలగకుండా మళ్ళీ కవర్లో పెట్టాడు.

"అయితే ఉంచీండమ్మా. కాయితం మీద సచ్చిపోతే నాకేటి నొప్పి. నాను ఇటేపు రాను. ఇది వాళ్ళమ్మ పేరు మీద మార్పించుకొచ్చీస్తాను."

బస్సులో ముసలావిడకి చోటిచ్చి లేచి నిలబడినంత మామూలుగా అన్నాడు. ఎమ్మార్వో ఆఫీసులో తెలిసినవాడున్నాడు, రెండు రోజుల్లో పని అయిపోతుందని కూడా చెప్పాడు. మా నాన్న బతకడానికి మా అమ్మ ఎన్ని మొక్కుబడులైనా చెల్లించేది. ఈయన బతికుండి, కూతురి చదువు కోసం చచ్చిపోయినట్టు ఉండిపోతానంటున్నాడు. ఆ దిగ్భ్రమలో కూడా నా లోపల ఒక మూల హమ్మయ్య అనిపించింది. ఉత్తరం సంగతి ఎవరికీ తెలియదు, పిల్లకి సీటొస్తుంది, ఎవరికీ నష్టం లేదు. ఆ హమ్మయ్య తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వద్దు నాన్నా అన్నది ఆ పిల్లే. మొహం తుడుచుకుని కుర్చీ లాక్కుని కూర్చుంది. వాళ్ళకి ఉత్తరం రాస్తానంది. నేను చెప్పకుండానే ముందు తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది, నాకు కాదు, తండ్రికి. నాను రాసింది అబద్ధం అని చెప్తాను. మా నాన్న బతికే ఉన్నాడు, ఒకటిన్నర ఎకరం చేస్తన్నాడు అంది. "మనది కాదు కదే, కౌలు. అది కూడా రాయి" అన్నాడాయన. అది కూడా రాస్తానంది. మా అమ్మ మధురవాడలో నాలుగిళ్ళలో పని చేస్తాదని రాస్తానంది. నేను ఉలిక్కిపడ్డాను. ఇన్ని నెలలూ డిసర్టేషన్లో ఆ ఆడవాళ్ళ మోకాళ్ళ గురించి చెప్పిన పిల్ల, అందులో ఒకావిడ తన తల్లి అని నాకెప్పుడూ చెప్పలేదు. అది రాసినా పిలిచేవారేమో. అది కథ అని, అదే రాయాలని దానికి తెలియలేదు. తెలియజేయాల్సిన నేను, దానికి మా ఇంటి తువ్వాలు ఇచ్చాను.

అది రాసుకుంటుంటే నేను కలం ముట్టుకోలేదు. ఆయన నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. కాసేపయ్యాక, "మీ నాన్నగారికి ఏటయింది తల్లీ?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నన్ను తెలుగులో అంతవరకూ ఎవరూ అడగలేదు. మల్కాపురంలో అందరికీ తెలుసు, అడగక్కర్లేదు. తెలియనివాళ్ళందరూ నా ఇంగ్లీషులో చదివారు. నేను అలవాటుగా మొదలుపెట్టాను. ఆ రోజు పొద్దున్న నన్ను దీవించి డ్యూటీకి వెళ్ళాడు అనబోయాను. దీవించడమేమిటి? మా నాన్న ఎవరినీ దీవించలేదు. దీవించేది మా పాస్టరుగారు. ఆ వాక్యం నా ఎస్సోపీలో రెండో లైను. ఇంగ్లీషులో ఎంత బాగుందో, తెలుగులో నోట్లోంచి రావడమే లేదు.

తిని ఎల్లేరా అని అడిగాడాయన. లేదన్నాను. అప్పుడు చెప్పాను. ఆ పొద్దున్న ఇద్దరం పోట్లాడుకున్నాం. కాలేజీ వాళ్ళు అరకు తీసుకెళ్తుంటే వద్దన్నాడు. నీకేటి తెలుసు సదువు గురించి, బస్తాలు మోసుకోడం తప్ప అన్నాను. కంచంలో చద్దన్నం అలాగే ఉంది. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. పదకొండింటికి పోర్టు నుంచి మనుషులు వచ్చారు. చెప్తుంటే ఇంకొకటి కూడా తట్టింది. ఆ దీవెన ఎక్కడిదో గుర్తొచ్చింది. నేను దరఖాస్తు పెట్టినప్పుడు ఒక సీనియర్ తన ఎస్సోపీ జిరాక్స్ ఇచ్చింది. వాళ్ళ నాన్న దీవించి పంపాడు. నేను దింపేశాను. అన్నేళ్ళు అది మా నాన్నే అనుకున్నాను.

ఆయన తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "మెట్లు దిగే లోపే మరిసిపోయుంటాడు తల్లీ. పిల్లల మాట మాకు గుర్తుండదు" అన్నాడు. మర్చిపోయాడో లేదో నాకెప్పటికీ తెలియదు. నేను ఆయన ముందే ఏడ్చేశాను. పిల్ల తలెత్తి చూసి, మళ్ళీ రాసుకుంది.

ఆ సాయంత్రమే లైబ్రరీ కంప్యూటర్లో ఆ ఉత్తరం పంపింది. తప్పులున్నాయి. నేను ఒక్కటి కూడా దిద్దలేదు. తోటి విద్యార్థిగా నేనిచ్చిన ఉత్తరం నిజం తెలియక రాశానని నేనూ ఇంకో ఉత్తరం పంపాను. రెండు రోజులకి జవాబు వచ్చింది. ఇంటర్వ్యూ పిలుపు రద్దు చేశామని రెండు లైన్లు. పిల్ల తనే చదువుకుని, నన్ను అర్థం అడగకుండా ఫోను మూసేసింది. ఇంట్లో అమ్మకి కూడా చెప్పాను. ఆదివారం కూటంలో, ఆ తండ్రి బతికే ఉన్నాడట అని అమ్మ చెప్పాల్సి వచ్చింది. ఒకావిడ ప్రార్థన ఫలించిందంది. రెండో క్యారేజీ మాత్రం అమ్మ మానలేదు.

ఆ పిల్ల ఎమ్మే పూర్తి చేసి ఇప్పుడు మధురవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో చెప్తోంది. పీహెచ్‌డీ మాట ఎత్తదు. నేనింకా గురువారాలు బల్ల దగ్గర కూర్చుంటున్నాను. నా జిరాక్స్ ఎవరికీ ఇవ్వడం లేదు, పోయిందని చెప్తున్నాను. ఈమెయిల్లో ట్రస్టు వాళ్ళ చిరునామా కొట్టి, దాని కింద ఏమీ రాయకుండా మూసేసిన సార్లు చాలానే ఉన్నాయి. దీవించాడన్న ఒక్క వాక్యమే కదా, క్రేన్ నిజమే కదా, చావు నిజమే కదా అనుకుంటాను. ఆ పిల్లకి నిజం రాయడానికి అరగంట పట్టింది. నాకు ఏడాది దాటింది, రాయలేదు. దాని సీటు పోయింది. నా ఫెలోషిప్ నెలనెలా వస్తూనే ఉంది.